ఆల్‌ఫ్రెడ్ నాయ్‌బవర్: మోటారు పందెముల కాలగణకుడు

మన పాఠశాలలో క్రీడాదినోత్సవమున 100 గజముల పరుగుపందెము జరుగునప్పుడు గెలుపెవ్వరిదో తెలిసికొనుటకు గణితముతో పనిలేదు. తాడును ముందుగా తాకినవాడెవడో చూచువారికందరికిని కనబడును. పరుగెత్తు బాలుడు సయితము తన ముందెవ్వరున్నారో ఎరుగును. కాని పందెపు దారి ఇరువది కిలోమీటర్ల పొడవు గల చుట్టై, కొండలను అడవులను చుట్టి వచ్చునదై, అందు ఇరువది బండ్లు గంటల తరబడి పరుగెత్తుచున్నచో సంగతి వేరు. ఒక బండి పెట్రోలు కొరకు ఆగియుండును. ఇంకొకటి దారిప్రక్కన చెడి నిలిచియుండును. అన్నింటికంటె ముందున్న బండి ఒక చుట్టు వెనుకబడిన బండి వెనుకనే వచ్చుచుండును. అట్టి పందెమున ఎవడు ముందున్నాడో కన్ను చెప్పజాలదు, గడియారమే చెప్పవలెను. ఈ సత్యమును బాగుగా గ్రహించి, గడియారము చెప్పిన సంగతిని పరుగెత్తుచున్న సారథికి చేర్చు పద్ధతిని నెలకొల్పినవారిలో అగ్రగణ్యుడు ఆల్‌ఫ్రెడ్ నాయ్‌బవర్. అతని జీవితము లెక్కల శక్తిని తెలుపును. లెక్కల హద్దును గూడ తెలుపును.

నాయ్‌బవర్ 1891వ సంవత్సరము మార్చి 29వ తేదీన మొరేవియా సీమలోని నాయ్‌టిట్‌షైన్ అను పట్టణమున జన్మించెను. ఆ సీమ అప్పుడు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యములోనిది; నేడది చెక్ దేశములోనిది. యౌవనమున అతడు సైన్యమున చేరి, ఫిరంగి దళములకు సంబంధించిన మోటారు బండ్ల పనిలో అనుభవము గడించెను. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట ఆస్ట్రో-డైమ్లర్ కర్మాగారమున ఉద్యోగము సంపాదించెను. అచ్చట ఫెర్డినాండ్ పోర్షే అను ప్రసిద్ధ యంత్రశిల్పి అతనికి పై అధికారి. ఆ శిల్పి నిర్మించిన చిన్న బండిని నడపుచు నాయ్‌బవర్ 1922లో సిసిలీ ద్వీపమందలి టార్గా ఫ్లోరియో పందెమున పాల్గొనెను. ఒక్కొక్క చుట్టు 108 కిలోమీటర్లు, అట్టివి నాలుగు. దారియంతయు కొండ మలుపులే. ఆ పందెమున అతనికి 19వ స్థానము లభించెను. 1923లో పోర్షే జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరమునకు, డైమ్లర్ సంస్థకు వెళ్లుచు నాయ్‌బవరును గూడ తీసికొనిపోయెను. మరుసటి సంవత్సరము అతడు అదే సిసిలీ పందెమున మెర్సిడెస్ బండిని నడపెను. ఆ పందెమున గెలిచినవాడు అతని తోటి సారథియగు క్రిస్టియన్ వెర్నర్.

తాను సారథులలో మొదటివాడు కాజాలనని నాయ్‌బవర్ ఇంతలో తెలిసికొనెను. అట్లు తెలిసికొని పనిని విడిచిపోక, సారథి పీఠము నుండి తనకు కనబడిన కొరతయేదో దానిని తీర్చుటకు పూనుకొనెను. టార్గా ఫ్లోరియో వంటి పందెములలో బండ్లన్నియు ఒక్కసారి బయలుదేరవు. కొన్ని నిమిషముల ఎడమున ఒకదాని వెనుక నొకటి బయలుదేరును. కాబట్టి ముందు గమ్యము చేరినవాడే గెలిచినవాడని చెప్ప వీలులేదు. కొండలలో ఒంటరిగా బండి తోలుచున్న సారథికి తాను గెలుచుచున్నాడో ఓడుచున్నాడో తెలియదు. వేగము హెచ్చింపవలెనో, ఇంజనును కాపాడుకొనవలెనో తెలియదు. చీకటిలో నడచువానివలె అతడు ఊహమీదనే పోవలసియుండెను.

ఈ చీకటి యెంతటిదో 1926 జూలై 11వ తేదీన బెర్లిన్ వద్ద ఆవుస్ అను దారిపై జరిగిన జర్మన్ గ్రాండ్ ప్రీ పందెమున లోకమునకు కనబడెను. రూడొల్ఫ్ కారాచియోలా అను 25 ఏండ్ల యువకుని మెర్సిడెస్ బండి ఆరంభముననే ఆగిపోయెను. తోడి మెకానిక్కు దిగి త్రోసి దానిని కదల్చునప్పటికి నిమిషమునకు పైగా గడచెను. పిమ్మట వాన ప్రారంభమాయెను. వానలో ఎవరు ఆగిరో ఎవరు సాగిరో ఎరుగక అతడు బండిని తోలుచునే యుండెను. పందెము ముగిసి దిగిన తరువాతనే తాను గెలిచితినని అతనికి తెలిసెను. అదే పందెమున ఘోరమొకటి జరిగెను. అడాల్ఫ్ రోజెన్‌బెర్గర్ నడపుచున్న మెర్సిడెస్ బండి తడిసిన దారిపై జారి, కాలము లెక్కించువారు కూర్చున్న పాకను తాకెను. అందున్న ముగ్గురు మరణించిరి. గడియారములు పట్టుకొని పరుల వేగమును వ్రాయుచున్నవారు ఆ వేగమునకే బలియైరి.

ఆ సంవత్సరమే సెప్టెంబరు నెలలో స్టుట్‌గార్ట్ సమీపమున సొలిట్యూడ్ అను దారిపై జరిగిన పందెమునందు నాయ్‌బవర్ తన ఉపాయమును ప్రయోగించెను. జెండాలను, అంకెలు గల పలకలను పట్టుకొని దారి అంచున నిలిచి తన సారథులకు సంజ్ఞలు చేయసాగెను. పందెపు అధికారి వచ్చి దారి విడిచి పొమ్మని గద్దించెను. తాను పందెపు నిర్వాహకుడనని నాయ్‌బవర్ బదులు చెప్పగా, ఆ పదవి తనదైయుండ ఈతడెవ్వడని, మతి చెడెనాయని ఆ అధికారి మండిపడెనట. ఒక్కొక్క సంస్థ బండ్లకు ప్రత్యేకముగా ఒక నిర్వాహకుడుండుట అంతవరకు ఎవ్వరును వినని సంగతి. కొలది సంవత్సరములకు అట్టివాడు లేని ప్రధాన పందెపు జట్టే లేకపోయెను.

ఈ లెక్క యెట్లు పనిచేయునో విద్యార్థులు గ్రహింపవలెను. ఇది మన తరగతి గణితమే. ముందుబండి 3 గంటల 10 నిమిషముల 20 సెకనులకు మన యెదుట పోయెననుకొందము. మన బండి 3 గంటల 10 నిమిషముల 55 సెకనులకు వచ్చెను. ఎడము 35 సెకనులు. మరుసటి చుట్టున అదే ఎడము 31 సెకనులాయెను. అనగా చుట్టునకు 4 సెకనులు కలిసివచ్చుచున్నవి. ఇంకను 8 చుట్లు మిగిలియున్నచో 32 సెకనులు కలిసివచ్చును. 31 సెకనుల ఎడమునకు 32 సెకనుల లాభము. ఒక్క సెకనుతో మనకు గెలుపు. ఈ సంగతిని పలకపై వ్రాసి చూపినచో సారథి వేగము తగ్గింపక సాగును. ఎడము ఎక్కువై అందరానిదైనచో బండిని బ్రద్దలు కొట్టుకొనక రెండవ స్థానమును నిలుపుకొనును. అయితే ఒక చిక్కు మరువరాదు. సారథి చదువు అంకె గడచిన చుట్టునాటిది. చుట్టునకు పది నిమిషములు పట్టు దారిలో ఆ వార్త పది నిమిషముల పాతది. ఆ నడుమ ఏమైనను జరుగవచ్చును.

బండ్లు ఆగి పెట్రోలు పోసికొని టైర్లు మార్చుకొను తావును పిట్టు అందురు. నాయ్‌బవర్ గణితము ఆ పిట్టులో మరింత రాణించెను. మెత్తని టైర్లతో 22 చుట్లలో చుట్టునకు 4 సెకనుల చొప్పున లాభము వచ్చుననుకొందము. మొత్తము 88 సెకనులు. కాని అవి త్వరగా అరుగును గనుక ఒకసారి ఎక్కువ ఆగవలెను. ఆ ఆగుటకు 75 సెకనులు పట్టినచో 13 సెకనుల లాభము. 90 సెకనులు పట్టినచో 2 సెకనుల నష్టము. కాబట్టి పిట్టులో మెకానిక్కుల చేతి చురుకుదనము ఇంజను బలముతో సమానమైనది. నాయ్‌బవర్ ప్రతి మనుష్యునికిని ఒక్కొక్క పని నియమించి, సైనికులకు కవాతు నేర్పినట్లు వారిచేత అదే పనిని మరల మరల చేయించెను. స్థూలకాయము, నెత్తిన టోపీ, మెడనుండి వ్రేలాడు గడియారములు, ఉరుమువంటి కంఠస్వరము గల ఆ మనుష్యుని పందెపు దారులలో ఎరుగనివారు లేకుండిరి.

1931లో కారాచియోలా ఇటలీ దేశమందలి మిల్లె మిలియా, అనగా వేయి మైళ్ల పందెమును గెలిచెను. అంతవరకు ఇటలీవారు తప్ప ఇతరులెవ్వరును దానిని గెలువలేదు. 1934 నుండి గ్రాండ్ ప్రీ బండ్ల బరువు 750 కిలోలకు మించరాదను నియమము వచ్చెను. ఆ యేటి ఐఫెల్ పందెమునకు ముందు బండి తూనిక 751 కిలోలు తూగెననియు, తెల్లరంగు గీకివేయించి ఒక కిలో తగ్గించితిననియు, లోపలి వెండివంటి లోహము బయటపడుటచేతనే మెర్సిడెస్ బండ్లకు వెండి బాణములను పేరు వచ్చెననియు నాయ్‌బవర్ తరువాత వ్రాసికొనెను. కథ ముచ్చటగానే యున్నది. కాని ఆ పందెమునకు 750 కిలోల నియమము వర్తింపలేదని పరిశోధకులు చూపిరి. సెకనులో అయిదవ భాగమును గూడ విడువని మనుష్యుడు తన కథ చెప్పునప్పుడు అంత ఖచ్చితముగా నుండలేదేమో!

ఆ కాలమున జర్మనీని పాలించిన నాజీ ప్రభుత్వము పందెపు బండ్ల నిర్మాణమునకు ధనమిచ్చి, వాటి విజయములను తన గొప్పగా చాటుకొనెను. ఆ విజయములను గూర్చి చెప్పునప్పుడు ఈ సంగతిని దాచుట న్యాయము కాదు.

1935 జూలై 28వ తేదీన న్యూర్‌బుర్గ్‌రింగ్‌లో జరిగిన జర్మన్ గ్రాండ్ ప్రీ నాయ్‌బవర్ గణితమునకు గొప్ప పరీక్ష. చుట్టు 22.8 కిలోమీటర్లు, చుట్లు 22. ఇటలీ సారథియగు టాట్సియో నువొలారి బలము తక్కువైన పాత ఆల్ఫా రోమియో బండితో జర్మనుల నెదుర్కొనెను. నడుమ అందరును పిట్టులకు వచ్చిరి. మెర్సిడెస్ సారథి మాన్‌ఫ్రెడ్ ఫన్ బ్రౌహిచ్ 47 సెకనులలో తిరిగి బయలుదేరెను. ఆల్ఫా వారి పెట్రోలు పంపు చెడిపోగా డబ్బాలతో పోయవలసివచ్చి, నువొలారికి 2 నిమిషముల 14 సెకనులు పట్టెను. కేవలము ఆ ఒక్క మజిలీలోనే 87 సెకనుల నష్టము. ఐనను నువొలారి ఒకరి తరువాత ఒకరిని దాటి రెండవ స్థానమునకు వచ్చెను. కడపటి చుట్టు ప్రారంభమున బ్రౌహిచ్‌కు సుమారు అర నిమిషము ఆధిక్యము మిగిలెను. అతని టైర్లు మిక్కిలి అరిగియుండెను. ఆగి మార్చుకొన్నచో ఆధిక్యము పోవును. ఆగకున్నచో అవి తుదివరకు నిలుచునో లేదో తెలియదు. అతడు ఆగలేదు. గమ్యమునకు కొలది దూరముననే టైరు పగిలెను. నువొలారి గెలిచెను; బ్రౌహిచ్ అయిదవవాడై వచ్చెను. ఆధిక్యమును గడియారము సెకనులతో చెప్పెను గాని, టైరుపై మిగిలిన రబ్బరు ఎన్ని కిలోమీటర్లకు చాలునో చెప్పలేకపోయెను.

1938 జనవరి 28వ తేదీన ఫ్రాంక్‌ఫర్ట్ - డార్మ్‌స్టాట్ రాజమార్గముపై కారాచియోలా గంటకు 432 కిలోమీటర్లకు మించిన వేగమును సాధించెను. ఆ పూటనే దానిని మించబూనిన ఆటో యూనియన్ సంస్థ సారథి బెర్న్‌ట్ రోజ్‌మేయర్, గాలి లేచిన దారిపై బండి అదుపు తప్పి మరణించెను. అదే యేడు జూలైలో న్యూర్‌బుర్గ్‌రింగ్ పిట్టులో త్వరపడి పోయుచున్న పెట్రోలు పొంగి బ్రౌహిచ్ బండికి నిప్పంటుకొనెను. నాయ్‌బవర్ స్వయముగా ముందుకురికి సారథిని మంటలోనుండి బయటికి లాగెను. తాను దినదినము కుదించుచు వచ్చిన ఆ సెకనులలోనే ప్రాణాపాయము దాగియున్నదని అతడు ఆ క్షణమున కన్నులార చూచెను.

రెండవ ప్రపంచ యుద్ధము ఈ పందెములను నిలిపివేసెను. 1952లో మెర్సిడెస్ వారు మరల రంగమున ప్రవేశించి ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెమును గెలిచిరి. 1954లోను 1955లోను అర్జెంటీనా దేశీయుడగు హువాన్ మాన్యువెల్ ఫాంజియో వారి బండ్లతో ప్రపంచ విజేత యాయెను. 1955 మే 1వ తేదీన స్టిర్లింగ్ మోస్ అను ఆంగ్లేయుడు మిల్లె మిలియా పందెమును 10 గంటల 7 నిమిషముల 48 సెకనులలో ముగించెను. అతని బండి సంఖ్య 722; ఉదయము 7 గంటల 22 నిమిషములకు బయలుదేరవలసినదని ఆ సంఖ్యకు అర్థము. ప్రక్కన కూర్చున్న డెనిస్ జెన్కిన్సన్ అను పత్రికా రచయిత దారిలోని మలుపులనన్నింటిని ముందుగా పరిశీలించి, సుమారు 18 అడుగుల కాగితపు చుట్టపై వ్రాసికొని, చేతి సైగలతో సారథికి తెలుపుచుండెను. ఈ ఉపాయము నాయ్‌బవర్ కల్పించినది కాదు. ఐనను దారి నడుమ ఒంటరియైన సారథికి జ్ఞానమును చేర్చవలెనను అతని పాత కోరికయే ఇందు ఇంకొక రూపమున నెరవేరెను.

ఆరు వారములు గడువకమునుపే ఆ ఆనందము శోకమాయెను. 1955 జూన్ 11వ తేదీ సాయంకాలము సుమారు 6 గంటల 26 నిమిషములకు లె మాన్‌లో పిట్టుల యెదుట ఒక బండి ఆగుటకై వేగము తగ్గించెను. దాని వెనుకనున్న బండి తప్పుకొనుటకై ప్రక్కకు తిరిగెను. అతివేగమున వచ్చుచున్న పియర్ లెవెగ్ అను ఫ్రెంచివాని మెర్సిడెస్ దానిని తాకి పైకెగిరి, దాని ముక్కలు ప్రేక్షకుల నడుమ పడెను. లెవెగ్ మరణించెను. ప్రేక్షకులలో 80 మందికి పైగా మరణించిరి. అచ్చట పిట్టులకును పందెపు దారికిని నడుమ గోడ లేదు, దారియు ఇరుకు. ఆగు బండియు పరుగెత్తు బండియు ఒకే దారిని పంచుకొనవలసియుండెను. ప్రేక్షకులు ఒక్కసారిగా బయలుదేరినచో గాయపడినవారిని కొనిపోవు బండ్లకు దారి మూసికొనునను భయముచే నిర్వాహకులు పందెమును ఆపలేదు.

చీకటి పడెను. పలకలపై అంకెలు మారుచునే యుండెను. ఫాంజియో, మోస్ నడపుచున్న మెర్సిడెస్ బండి అందరికంటె రెండు చుట్లు ముందుండెను. నాయ్‌బవర్ జీవితమంతయు ఏ ఆధిక్యము కొరకు శ్రమించెనో అది అతని చేతిలో నుండెను. అర్ధరాత్రి దాటిన తరువాత స్టుట్‌గార్ట్‌లోని సంస్థాధిపతుల నుండి విరమింపుమని ఉత్తరువు వచ్చెను. సుమారు 1 గంట 45 నిమిషములకు అతడు ముందుకు నడచి, మిగిలిన తన బండ్లను పిట్టులోనికి పిలిచెను. ముప్పది సంవత్సరములుగా త్వరపడుమని, ఎడము ఇంతయని, చుట్లు ఇన్నియని సంజ్ఞలు చేసిన చేయి ఆ రాత్రి చాలునని సంజ్ఞ చేసెను. ఆ ఉత్తరువు అతనిది కాదు. దానిని నెరవేర్చిన చేయి అతనిది. మరణించినవారి లెక్క యెదుట రెండు చుట్ల ఆధిక్యము ఏపాటిది?

ఆ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన మెర్సిడెస్ బండ్లు సిసిలీలో టార్గా ఫ్లోరియో పందెమును గెలిచినవి. 33 సంవత్సరముల క్రిందట నాయ్‌బవర్ 19వ వాడై ముగించినది ఆ కొండలలోనే. కొలది దినములకు సంస్థవారు పందెములనుండి విరమించుచున్నట్లు ప్రకటించిరి. నాయ్‌బవర్ పిమ్మట సంస్థవారి వస్తుప్రదర్శనశాలకు సంబంధించిన పనులు చూచుచు, 1958లో తన జ్ఞాపకములను గ్రంథముగా ప్రకటించి, 1980 ఆగస్టు 22వ తేదీన 89వ యేట మరణించెను.

నేడు కాలము లెక్కించుటకు మనుష్యుని బొటనవ్రేలితో పనిలేదు. బండిలోని యంత్రము దారిలోని యంత్రముతో మాటలాడి సెకనులో వేయవ భాగమును తెలుపును. 1997లో స్పెయిన్ దేశమందలి హెరెజ్‌లో ముగ్గురు సారథులు అర్హత పరుగున ఒకే కాలమును, 1 నిమిషము 21.072 సెకనులను సాధించిరి. వేయి భాగములు చేసినను వారి నడుమ భేదము కనబడలేదు. ముందుగా ఆ కాలమును సాధించినవానికే మొదటి స్థానమిచ్చిరి. కొలత యెంత సూక్ష్మమైనను దానికొక హద్దు కలదని ఆ దినమున గూడ తేటపడెను.

లె మాన్‌లో మరుసటి సంవత్సరమే పిట్టులను, వాటి యెదుటి దారిని మార్చి కట్టిరి. ఎంత వేగమని మాత్రమే కాక, ఎంత ఎడము విడువవలెను, దారి యెంత వెడల్పుండవలెను, జనులెంత దూరమున నిలువవలెను అను ప్రశ్నలును లెక్కలోనికి వచ్చెను. గణితము తప్పు చేయలేదు. అంతవరకు గణితమును అడిగిన ప్రశ్నలే చాలకుండెను.

బాలబాలికలారా, నాయ్‌బవర్ వద్ద మనము రెండు పాఠములు నేర్చుకొందము. మొదటిది, తనకు లేని నేర్పును గూర్చి విలపింపక, తాను చూచిన కొరతను తీర్చుటకు పూనుకొనుట. మంచి సారథి కాజాలనివాడు సారథులందరికిని కన్నులిచ్చెను. రెండవది, లెక్కించువాడు తన లెక్కకు వెలుపల నున్నదానిని గూడ తలచుకొనుట. మన దినములను గూడ ఒకడు లెక్కించుచున్నాడు. ఆ లెక్క మన చేతి గడియారములలో లేదు. ఎంత త్వరగా పరుగెత్తితిమని కాక, ఎవరిని కాపాడితిమని అందు వ్రాయబడును. కాలమును వ్యర్థము చేయకుడి. కాని ప్రక్కవాడు పడినప్పుడు గడియారమును జేబులో పెట్టి ఆగుటకును వెనుదీయకుడి.